ఒక వానకు ఒకే మినహాయింపు

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, జూన్ పదిహేడవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిదిన్నర గంటలకు మా వాహన బీమా శాఖ హాజరుపట్టీలో ఒక కొత్త సంతకం చేరింది. అప్పటికి ఆ సంతకం చేసినవారి వయస్సు ఇరవై ఆరేళ్లు. ఆనాటి నుంచి ఈ నెలాఖరు వరకు, రెండు ప్రసూతి సెలవులనూ, మామగారి అనారోగ్య సమయంలో పెట్టిన పదకొండు రోజులనూ మినహాయిస్తే, ముప్ఫై నాలుగేళ్లపాటు ఆ సంతకం అదే వాలుతో, అదే నల్లసిరాతో కొనసాగింది. సహోద్యోగులకు మేడమ్‌గా, వాహనదారులకు అద్దాల మేడమ్‌గా సుపరిచితులైన మా విభాగాధిపతి గారి సంతకమది. వారి పదవీ విరమణను పురస్కరించుకొని వెలువడుతున్న ఈ సంచికకు నాలుగు మాటలు రాయవలసిందిగా సిబ్బంది సంఘం నన్ను ఆదేశించింది. నాకంటే చక్కగా రాయగలవారు ఈ కార్యాలయంలో చాలామంది ఉన్నారు గాని, మేడమ్ చేత నాకంటే ఎక్కువ చీవాట్లు తిన్నవారు మాత్రం లేరు. ఆ ఒక్క అర్హతతోనే ఈ సాహసానికి పూనుకున్నాను.

చేరిన మరుసటి ఏడాదే వారిని అద్దాల విభాగానికి పంపారు. ఆ విభాగమంటే అప్పట్లో అందరికీ చిన్నచూపు. ప్రమాదాలూ దొంగతనాలూ చూసేవారు పై అంతస్తులో ఫ్యాన్ల కింద కూర్చుంటే, పగిలిన అద్దాల క్లెయిములు మెట్ల కింది గదిలో, ఒక బల్ల, రెండు కుర్చీలు, సగమే తెరుచుకునే ఒక కిటికీ ఉన్న చోట పరిష్కారమయ్యేవి. ఏదైనా పొరపాటు చేసినవారిని అక్కడికి దించడం ఆనవాయితీ. మీరు చేసిన పొరపాటేమిటని ఒకసారి సాహసించి అడిగాను. "అప్పటి మేనేజరుగారి లెక్కలో తప్పు చూపించాను నాయనా. అదీ నలుగురిలో" అన్నారు. ఉద్యోగంలో చేరిన పదేళ్లకు, రెండువేల ఒకటిలో, ఆ విభాగానికే అధిపతి అయ్యారు.

ఇక్కడ మినహాయింపు అనే మాటను కాస్త వివరించాలి. మేడమ్ కుటుంబ సభ్యులు ఈ మాటను భోజనాల దగ్గర విని విని విసిగిపోయి ఉంటారు గనుక, వారు ఈ పేరాను నిరభ్యంతరంగా వదిలివేయవచ్చు. వాహనానికి నష్టం జరిగినప్పుడు అందులో మొదటి కొంత భాగాన్ని యజమాని తానే పెట్టుకోవాలి. ఆపైన అయ్యే ఖర్చును సంస్థ భరిస్తుంది. యజమాని పెట్టుకునే ఆ మొదటి భాగమే మినహాయింపు. బండి నుజ్జునుజ్జయిన పెద్ద ప్రమాదంలో అది ఎవరి కంటికీ ఆనదు. అద్దం సంగతి అలా కాదు. పక్క అద్దం ఒకటి పగిలితే దాని ఖరీదూ మినహాయింపూ ఇంచుమించు సమానం కావడం వల్ల, బీమా ఉన్నా యజమాని చేతికి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ముందు అద్దం మీద రాయి తగిలి చిన్న పగులు పడినప్పుడు, అది పాకకముందే జిగురు నింపించుకుంటే మా సంస్థలో మినహాయింపు అక్కరలేదు. పాకిపోయి అద్దమే మార్చవలసి వస్తే మాత్రం కట్టాలి. ఇంత ముఖ్యమైన సంగతి పాలసీ పుస్తకంలో పంతొమ్మిదో పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది.

ఆ అక్షరాలను చదివి వినిపించడమే మేడమ్ తమ ఉద్యోగంగా భావించారు. ఉదయం పది గంటలకు బండ్లు నిలిపే చోటికి తామే వెళ్లేవారు. వాహనాన్ని బయట నిలబడి చూసి సంతకం పెట్టడం వారికి గిట్టదు. డ్రైవరు సీటులో కూర్చొని, నడిపేవారి కంటి ఎత్తుకు సీటు సవరించుకుని, పగులు చూపుకు అడ్డం వస్తున్నదా లేదా అని పరీక్షించేవారు. తరువాత సంచిలోంచి తెల్లటి మైనపు పెన్సిలు తీసి పగులు చివర ఒక గీత పెట్టేవారు. "ఇవాళే జిగురు పెట్టించుకోండి. రేపటికి ఈ గీత దాటిందంటే అద్దం మార్చాలి, మీ చేతి డబ్బు పోతుంది" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేవారు. ఇలా చెబితే సంస్థకేం లాభమని పై అంతస్తువారు ముక్కున వేలేసుకున్నారు. మేడమ్ అత్తగారు మాత్రం రోజూ సాయంకాలం గుమ్మంలోనే "ఇవాళ ఎన్ని పగిలాయమ్మా?" అని అడిగి, సంఖ్య తక్కువైతే కోడలి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని బెంగపడేవారట.

నేను రెండువేల నాలుగులో గుమాస్తాగా వారి దగ్గర చేరాను. రెండేళ్ల తరువాత, మార్చి నెలలో, మా శాఖ మరచిపోలేని వడగళ్ల వాన పడింది. వారంరోజుల్లో నాలుగు వందల క్లెయిములు వచ్చాయి. మా ఫారం మీద ఒక అద్దం వివరాలకే చోటుండేది; అడుగున "మినహాయింపు తీసివేయగా" అన్న పంక్తి అచ్చై ఉండేది. రెండు అద్దాలు పగిలితే రెండు ఫారాలు, మూడైతే మూడు. ఫారం ఒక్కింటికి ఒక మినహాయింపు కోయడం మా ముందువారి నుంచి మాకు సంక్రమించిన పద్ధతి. అది సరైనదా అని అడగాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ తట్టలేదు. నేను రోజుకు అరవై ఫారాలు పూర్తిచేస్తున్నానని నా పనితనానికి నేనే మురిసిపోతున్న రోజులవి.

అలాంటి ఒక మధ్యాహ్నం, బడిపిల్లలను తీసుకెళ్లే వ్యాను నడుపుకునే ఒక పెద్దాయన, మేం పంపిన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులోంచి తీసి నా ముందుంచారు.

"సార్, ఇందులో అయిదుసార్లు కోశారు."

"అయిదు అద్దాలు కదండీ. అద్దానికొకటి" అన్నాను, తల ఎత్తకుండానే.

"అద్దాలు అయిదే సార్. కానీ వాన ఒక్కసారే పడింది కదా."

నేను నవ్వాను. ఈ వ్యాసంలో దాచుకోదగిన విషయం నాకేదైనా ఉంటే అది ఆ నవ్వే. దాచడం లేదు, ఎందుకంటే మేడమ్ ఆ నవ్వు విన్నారు. మెట్ల కింది గదిలోంచి లేచి వచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డారు.

"ఏమన్నారండీ? ఇంకోసారి చెప్పండి."

ఆయన కంగారుపడ్డారు. "తప్పుగా అన్నానేమో అమ్మా. వాన ఒక్కసారే పడిందన్నాను. పిల్లల్ని దింపేసి ఖాళీ బండి నిలబెట్టుకున్నా, అంతలోనే మొదలైంది. గట్టిగా అయిదు నిమిషాలు. ముందుదీ, వెనకదీ, ఎడం పక్క మూడూ ఆ అయిదు నిమిషాల్లోనే పోయాయి. ముందుదొక్కటే వేయించగలిగా. మిగతావాటికి ప్లాస్టిక్ కాగితం అంటించి తిప్పుతున్నా. పిల్లలు వేళ్లు పెడుతున్నారని తల్లులు గొడవ చేస్తున్నారు. నెలాఖరు దాకా చూసి వేరే బండి మాట్లాడుకుంటామని బడివాళ్లు చెప్పేశారమ్మా. ఆ బండి తప్ప నాకింకేం లేదు."

మేడమ్ పాలసీ పుస్తకం తెప్పించారు. నిలబడే చదివారు. ప్రతి సంఘటనకూ ఒక మినహాయింపు అని అందులో స్పష్టంగా ఉంది. అద్దానికి అని గాని, ఫారానికి అని గాని ఎక్కడా లేదు. వారి ముఖంలో రంగు మారడం నేను చూశాను. పుస్తకం మూసి, "కూర్చోండి, మంచినీళ్లు తాగండి. తప్పు మాది" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఫారమే అలా ఉంది మేడమ్. ముందునుంచీ ఇలాగే చేస్తున్నాం" అని నీళ్లు నమిలాను.

"అదే నాయనా నా భయం. ముందునుంచీ చేస్తున్నాం."

అయిదు ఫారాలనూ దారంతో కలిపి కుట్టించారు. నాలుగింటి మీద మినహాయింపు పంక్తిని కొట్టివేసి, కొట్టివేసిన ప్రతి చోటా సంతకం చేశారు. ఈ ఒక్క ఫైలునూ సరిదిద్ది ఊరుకుని ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ముగిసేది. వారు మరొక కాగితం తీసుకుని, ఈ పద్ధతి మొదటినుంచీ తప్పని, పాత ఫైళ్లన్నిటినీ తిరగదోడి ఎక్కువ కోసిన మొత్తాలను వాపసు చేయాలని ప్రాంతీయ అధికారికి నోటు రాశారు. ఆ కట్టను మోసుకుంటూ వారి వెనక పై అంతస్తుకు వెళ్లినవాణ్ణి నేనే గనుక అక్కడి సంభాషణకు ప్రత్యక్ష సాక్షిని.

ప్రాంతీయ అధికారి సహృదయులు. మేడమ్‌ను శాఖ మేనేజరు పదవికి సిఫార్సు చేసినవారు కూడా వారే. మౌఖిక పరీక్ష ఏప్రిల్ పదో తేదీన ఉంది. నోటు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది ఒప్పుకుంటే పాతవాళ్లంతా వచ్చి అడుగుతారు కదమ్మా?"

"అడగరండీ. వాళ్లకు తెలియదు. అందుకే మనమే చెప్పాలి."

"సరే, చెబుదాం. కనీసం ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగండి. నెల రోజులు. మీ మంచికే చెబుతున్నాను."

"ఆ వ్యాను ఆయనకు నెలాఖరు దాకానే గడువుందండీ. ఫైలు ఈ నోటుతోనే కదలాలి. నోటు లేకుండా ఒక్కటి దిద్దితే, ఆయన మాట్లాడగలిగాడు గనుక దిద్దినట్టవుతుంది."

వారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని నోటును ఇంకోసారి చదివారు. చివరికి సంతకం పెట్టి, "మీకు చెప్పలేనమ్మా" అన్నారు. అది మందలింపో మెప్పో నాకు నేటికీ తెలియదు.

మంజూరు ఉత్తర్వు మూడో రోజున వచ్చింది. దాన్ని తపాలాలో పంపబోతుంటే మేడమ్ ఆపారు. "నవ్వింది నువ్వు. వెళ్లి ఇవ్వాల్సింది కూడా నువ్వే" అన్నారు. వెళ్లాను. రేకుల కప్పు కింద ఆ వ్యాను ఉంది. ఆయన భార్య ఊడిన ప్లాస్టిక్ కాగితానికి పళ్లతో టేపు కొరికి అంటిస్తున్నారు. నేను లెక్క తప్పు వేశానని, నవ్వినందుకు క్షమించమని చెప్పాను. ఆయన ఉత్తర్వును రెండుసార్లు చదువుకుని, "పర్లేదు సార్, మీ ఫారం అలా ఉంది మరి" అని నాకే సర్దిచెప్పారు. ఆవిడ టేపు చుట్టను పక్కన పెట్టి, వ్యాను మెట్టు మీదే కూర్చుండిపోయి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నెలాఖరుకు రెండు రోజుల ముందు అయిదు అద్దాలతో ఆ బండి మా కార్యాలయం ముందునుంచి వెళ్లింది. మేడమ్ కిటికీ దగ్గరికి వెళ్లి, అది తెరుచుకున్నంత మేరకు చూశారు.

మౌఖిక పరీక్షలో వారిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారట: "మీ శాఖ మీద మీరే నోటు పెట్టారటగా?" అవునన్నారట. శాఖ మేనేజరు పదవి మరొకరికి వెళ్లింది. ఆ తరువాత కూడా మళ్లీ రాలేదు. దీనికీ దానికీ సంబంధం ఉందని ఏ కాగితంలోనూ లేదు. మేడమ్ ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. మేము తెస్తే ఫైళ్లు అడిగేవారు. వారికి బాధ కలగలేదని నేను రాయలేను. కలిగింది. ఆ ఏప్రిల్‌లో రెండు వారాలపాటు భోజన విరామంలో డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్లడం నేను చూశాను.

అనంతరం రెండేళ్లపాటు ప్రతి శనివారం మధ్యాహ్నం మేమిద్దరం రికార్డు గదిలో దుమ్ములో కూర్చొని పద్నాలుగేళ్ల ఫైళ్లు తిరగేశాం. ఒకటికి మించి ఫారాలున్నవి అరవై మూడు తేలాయి. చిరునామాలు మారినవారికోసం కాలికి బలపం కట్టుకుని తిరిగాం. ఒక క్షురకుడు మమ్మల్ని చూడగానే తలుపు సగం మూసి, "ఇంకా ఏం కట్టాలి?" అన్నాడు. "కట్టక్కర్లేదు, తీసుకోండి" అని మేడమ్ అంటే, "అయితే ఏదో మెలిక ఉంటుంది" అని తమ్ముణ్ణి పిలిపించి కాగితాలు చదివించాడు. పుచ్చుకున్న మొత్తాలు చిన్నవే. కొందరికి ఆ సంగతే గుర్తులేదు. అయినా ప్రతి ఇంటి ముందూ మేడమ్ ఒకే మాట చెప్పేవారు: "ఇది మీదే. మేం పొరపాటున ఉంచుకున్నాం." ఆ మాట నన్ను కూడా చెప్పమనేవారు. మొదటి పది ఇళ్ల దాకా నేను కాగితాలు అందించి వారి వెనకే నిలబడ్డాను.

రెండువేల ఎనిమిదిలో ఫారం మారింది. కొత్త ఫారం మీద బండి బొమ్మ మొత్తం ఉంటుంది. పగిలిన అద్దాలన్నిటినీ అందులోనే గుర్తించి, అడుగున ఒక్కసారే మినహాయింపు రాస్తాం. సిబ్బంది దాన్ని మేడమ్ ఫారమని పిలవడం మొదలుపెడితే వారికి కోపం వచ్చింది. "అది వ్యాను ఆయన ఫారం" అన్నారు. కంప్యూటర్లు వచ్చినప్పుడు, యంత్రంలోనూ అదే లెక్క ఉందో లేదో చూడడానికి, వచ్చిన ఇంజినీర్లను మూడు రోజులు కదలనివ్వలేదు. పిలిచి ప్రమాదాల విభాగం ఇస్తామన్నా మెట్ల కింది గదిని వదలలేదు.

వారి వృత్తినిష్ఠ ఇంటి గడపను కూడా విడిచిపెట్టలేదనడానికి ఒక్క ఉదంతం చాలు. రెండువేల పదిహేడులో పెద్దమ్మాయి పెళ్లి. పెళ్లికూతుర్ని తీసుకెళ్లే కారు వాకిట్లోకి వచ్చింది. అమ్మాయి ఎక్కింది, మందుల షాపు నడిపే తండ్రిగారు ఎక్కారు, మేడమ్ ఎక్కలేదు. పట్టుచీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని ముందు అద్దం వైపు వంగి చూస్తున్నారు. "ఆలస్యమవుతోంది వదినగారూ" అని వియ్యపురాలు అంటున్నా వినకుండా, చేతిసంచిలోంచి మైనపు పెన్సిలు తీసి గీత పెట్టి, డ్రైవరుకు మినహాయింపు సంగతి ఆసాంతం వివరించి అప్పుడు ఎక్కారు. "నా పెళ్లి ఫొటోలన్నిట్లో కారు అద్దం మీద తెల్లగీత ఉంటుంది అంకుల్" అని ఆ అమ్మాయి నాకు చెప్పి నవ్వింది. డ్రైవరు మర్నాడే జిగురు పెట్టించుకున్నాడని విన్నాను.

అరవై మూడు ఫైళ్లలో అరవై రెండు పరిష్కారమయ్యాయి. మిగిలిన ఆ ఒక్కటి తొంభై మూడు నాటిది. మేడమ్ ఎవరి సాయమూ లేకుండా స్వయంగా పూర్తిచేసిన మొట్టమొదటి ఫైలు. ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు గారి చిన్న కారు. గాలివానకు దుకాణం బోర్డు విరిగి మీద పడి ముందు అద్దం, వెనక అద్దం పగిలాయి. రెండు ఫారాలు, రెండు మినహాయింపులు. అడుగున ఆ నర్సు గారు తమ చేతిరాతతో, సహృదయంతో సాయం చేసినందుకు కృతజ్ఞతలు అని రాసి వెళ్లారు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆసుపత్రి మూతపడింది, ఉత్తరాలన్నీ తిరిగొచ్చాయి. పంతొమ్మిదేళ్లుగా మేడమ్ ఏడాదికి నాలుగుసార్లు ఎవరో ఒకరిని వాకబు చేస్తూనే ఉన్నారు.

గత గురువారం ఆ ఫైలును నా బల్ల మీద పెట్టారు. "ముప్ఫై ఏళ్లు దాటింది మేడమ్. అప్పటికే ఆవిడ పెద్దావిడ. ఉన్నారో లేరో" అన్నాను.

"తక్కువిచ్చి దండం పెట్టించుకున్నాను నాయనా" అన్నారు. ఇన్నేళ్లలో వారి కళ్లలో నీళ్లు చూడడం నాకు అదే మొదటిసారి. "ఉంటే ఆవిడకివ్వు. లేకపోతే పిల్లలకివ్వు. ఎవ్వరూ లేరని తెలిస్తే మాత్రం నాకు చెప్పకు. వెతుకుతున్నానని చెప్పు."

సరేనన్నాను. అయితే వారి దగ్గర ఇరవై ఒక్క ఏళ్లు పనిచేసినవాడికి వారితో అబద్ధం చెప్పడం చేతకాదు. వెతుకుతున్నానని చెప్పాలంటే నేను నిజంగానే వెతుకుతూ ఉండాలి. ఆ సంగతి తెలిసే ఆ మాట అడిగారని ఇంటికి వెళ్లాక గాని నాకు అర్థం కాలేదు. వచ్చే సోమవారం నుంచి నర్సుల పాత సంఘాల జాబితాలు తిరగేయడం మొదలుపెడుతున్నాను. ఈ సంచిక చదివేవారిలో ఎవరికైనా ఆ నర్సు గారి ఆచూకీ తెలిస్తే అద్దాల విభాగానికి తెలియజేయవలసిందిగా సవినయంగా ప్రార్థిస్తున్నాను.

మేడమ్ శేషజీవితం వారి శ్రీవారితో, ఇద్దరు బిడ్డలతో, ఇప్పటికీ లెక్క అడిగే తొంభై ఏళ్ల అత్తగారితో, ఆయురారోగ్యాలతో ప్రశాంతంగా సాగాలని మా శాఖ యావత్తూ హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తున్నది. నా వంతుగా ఇంకొక్కటి కోరుకుంటున్నాను. ప్రతి నెలా మొదటి తేదీన ఫోన్ చేసి అడుగుతానన్నారు. ఏళ్ల తరబడి, తొంభై దాటినా, గొంతు వణికినా, వారు అలా అడుగుతూనే ఉండాలి; వెతుకుతున్నాను మేడమ్ అని నేను నిజమే చెబుతూ ఉండాలి.